జాతర జనం, నాన్నగారి నోటు పుస్తకం

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు చేనేత, అప్పడాలు, పచ్చళ్ల వ్యాపార కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, అక్కలకు, చెల్లెళ్లకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లకు కూడా. ముందు వరసలో కుర్చీలున్నాయి, వచ్చి కూర్చోండి. ఫోన్‌లో ఒకటి రెండు చూపిస్తాను, దూరం నుంచి కనబడవు.

ఠాకురాణి యాత్రతో మొదలుపెడతాను. రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు మన వీధుల్లోకి వస్తుంది. ఆ రోజుల్లో బరంపురంలో కాలు పెట్టడానికి చోటుండదు. నా చిన్నప్పుడు మా నాన్నగారు అరుగు మీద చాప పరిచి, దాని మీద తెల్లటి గుడ్డ వేసి చీరలు పెట్టేవారు. జనం వచ్చేవారు. అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూసి, బాగుందని తల ఊపి వెళ్లిపోయేవారు. రోజుకి ఎంతమంది వచ్చారో లెక్క ఉండేది కాదు. యాత్ర అయిపోయాక నాన్నగారి చేతిలో మిగిలేది ఒక నోటు పుస్తకం. అందులో ఓ ముప్పయి నలభై పేర్లు. ఫలానా పర్లాకిమిడి వాళ్లు, మాఘంలో అమ్మాయి పెళ్లి, కుంకుమ రంగు అడిగారు. ఫలానా ఇచ్ఛాపురం వాళ్లు, అబ్బాయికి జోడా కావాలన్నారు, అంటే పట్టు పంచె, ఉత్తరీయం. ఆ పేర్లకు పండగ ముందు ఒక కార్డు రాసేవారు. ఏడాది పొడుగునా మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ పుస్తకంతోనే.

యూట్యూబ్‌లో మన వీడియో చూసేవాళ్లు యాత్రలో వచ్చిన జనం. ఈమెయిల్ జాబితా నాన్నగారి నోటు పుస్తకం. వీడియోలు తీసి, ఆ జనంలోంచి కొందరిని పుస్తకంలోకి ఎలా పిలవాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఒక మాట. వీడియోకి వేలమంది వస్తున్నారు కదా, ఇంకా జాబితా ఎందుకని అడుగుతారు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో పాటు మొత్తం 59 యాప్‌లను కేంద్రం నిషేధించింది. ఆ నిర్ణయం మంచిచెడ్డల జోలికి నేను పోను. మా వీధిలో ఒక అమ్మాయి అప్పటికి రెండేళ్లుగా చీర కుచ్చిళ్ల మీద వీడియోలు చేస్తోంది. చాలామంది ఫాలో అయ్యేవారు. తెల్లారేసరికి వాళ్లలో ఒక్కరిని పలకరించడానికి కూడా దారి లేకుండా పోయింది. ఎవరి పేరూ, ఎవరి చిరునామా ఆమె దగ్గర లేవు. యూట్యూబ్ కూడా మన సబ్‌స్క్రైబర్ల చిరునామాలు మనకు ఇవ్వదు. వాళ్లు యూట్యూబ్ వాళ్ల మనుషులు. ఈమెయిల్ జాబితా అలా కాదు, దాన్ని ఒక ఫైలుగా దింపుకోవచ్చు. రేపు ఉత్తరాలు పంపే ఈ సర్వీసు నచ్చకపోతే ఇంకో సర్వీసుకి పట్టుకుపోవచ్చు.

ఇప్పుడు సిరీస్ సంగతి. నేను మొదట చేసింది ఒకటే వీడియో. ఇరవై నిమిషాలు. ఈ ప్రాంతాన్ని ఏలిన మహురి రాజుల కాలంలో మన నేతగాళ్లు ఇక్కడికి వచ్చారన్న కథ దగ్గర్నుంచి మగ్గం, రంగులు, జరీ, ధరలు, ఫోన్ నంబరు దాకా అన్నీ కుక్కాను. చూసినవాళ్లకు పొట్ట నిండిపోయింది. మళ్లీ రావాల్సిన పని లేదు. తర్వాత దాన్నే ఏడు ముక్కలు చేశాను. ఒక్కో వీడియో ఐదారు నిమిషాలు, ఒక్కో దాంట్లో ఒకే ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్నలు నేను కూర్చుని ఊహించినవి కావు. చీర కొనడానికి వచ్చినవాళ్లు మా అత్తగారిని ఏళ్ల తరబడి అడుగుతున్నవి. ఇది అసలు పట్టేనా? జరీ నల్లబడుతుందా? ఇంత ధర ఎందుకు? బీరువాలో ఎలా పెట్టాలి? మీ దుకాణంలో కూడా అలాంటి ప్రశ్నలు ఉంటాయి. వాటినే రాసుకోండి.

మొదటి వీడియో అసలు పట్టా కాదా అన్నది. కొంగు చివరి కుచ్చులోంచి ఒక్క పోగు లాగి అగ్గిపుల్ల మంటకి చూపిస్తాను. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడిపొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా తగులుతుంది. ఆ పూసను గోటితో నొక్కి చూపిస్తాను. వీడియో మొత్తంలో చెప్పాల్సింది అంతే. చివర్లో ఒక మాట అంటాను: "పోగు పట్టే. మరి దాని పక్కన మెరిసే జరీ సంగతేంటి? అది నిప్పుతో తేలదు." ఆ ప్రశ్నకు జవాబు రెండో వీడియోలో ఉంటుంది. అమ్మమ్మలు రాత్రి కథ చెబుతూ రాక్షసుడు తలుపు తట్టిన చోట ఆపి, ఇక పడుకోండి అంటారు చూడండి. మర్నాడు పిల్లలు పిలవకుండానే వచ్చి ఒళ్లో కూర్చుంటారు. సిరీస్‌కి ప్రాణం ఆ ఆపడంలోనే ఉంది. అయితే ఆపే ముందు ఆ పూట చెబుతానన్నది పూర్తిగా చెప్పేయాలి. సగం చెప్పి మిగతాది రేపు అంటే చూసేవాళ్లకు కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమే.

అన్నిటికంటే ఎక్కువమంది చివరిదాకా చూసింది ఐదో వీడియో. ఒక చీర పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయాక, పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగుల్ని అతకాలి. వేలల్లో పోగులుంటాయి. ఒక్కొక్కటి. నాన్నగారు వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, పాత పోగు, కొత్త పోగు పక్కపక్కన పెట్టి, బొటనవేలితో ఒక్కసారి మెలిపెడతారు. ముడి ఉండదు, ఆ మెలికే పట్టు. ఆయన ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అడగలేదు. నిమిషంన్నర పాటు వేళ్లు కదలడం తప్ప ఇంకేమీ లేదు. దాన్ని కట్ చేసేయమని చాలామంది అన్నారు. నేను చేయలేదు. "ఇంత ధర ఎందుకు" అన్న ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు. ఇప్పుడు ఫోన్‌లో చూడండి... ఆ వేళ్లు. చూశారా? వెనకవాళ్లకు కూడా ఒకసారి అందించండి.

ఇక ఈమెయిల్ చిరునామా ఎప్పుడు అడగాలి? ఇక్కడ నేను దెబ్బ తిన్నాను. మొదట్లో రెండో వీడియోకే తాళం వేశాను. చిరునామా ఇస్తేనే చూపిస్తానన్నాను. జనం అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. ముక్కూ ముఖం తెలియని మనిషికి ఒక్క వీడియో చూసి ఎవరు చిరునామా ఇస్తారు? తర్వాత మార్చాను. మొదటి మూడు వీడియోలు అందరికీ తెరిచి ఉంచాను. మిగతా నాలుగూ ఈమెయిల్‌లో రెండు రోజులకొకటి పంపిస్తాను. అవి యూట్యూబ్‌లోనే ఉంటాయి, కాకపోతే అన్‌లిస్టెడ్‌గా పెడతాను. వెతికితే దొరకవు, లింక్ ఉన్నవాళ్లకు కనబడతాయి. ఆ లింక్ ఎవరైనా ఇంకొకరికి పంపితే వాళ్లూ చూస్తారు. చూడనివ్వండి, అందులో మనకు పోయేది ఏమీ లేదు. చిరునామా ఇచ్చినందుకు ఇంకొకటి కూడా ఇస్తాను: ఒక పేజీ కాగితం, పట్టు పరీక్ష, జరీ పరీక్ష, చీర మడత మార్చడం అన్నీ బొమ్మలతో. ప్రింట్ తీసి బీరువా తలుపు లోపల అంటించుకోవచ్చు. చాలామంది ఆ కాగితం కోసమే వచ్చారు.

చిరునామా రాసే ఫారం లింక్ ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయమే అయినా చాలామంది పొరబడతారు. వీడియో కింద రాసే వివరణలో మొదటి లైన్లోనే పెట్టండి, మిగతాది మడతలోకి పోతుంది. అదే లింక్ ఒక కామెంట్‌గా రాసి పైన పిన్ చేయండి. వీడియోలో నోటితో కూడా చెప్పండి, చివర్లో మాత్రం కాదు, చివరిదాకా అందరూ ఉండరు. చూసేవాళ్లకు అది అవసరమని అనిపించిన క్షణంలో చెప్పండి. నేను పూసను గోటితో నొక్కిన వెంటనే చెబుతాను. షార్ట్స్, అంటే యూట్యూబ్‌లో చిన్న నిలువు వీడియోలు, చేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి: 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణలో, కామెంట్లలో పెట్టే లింకులు నొక్కినా తెరుచుకోవు. షార్ట్‌కి మీ పెద్ద వీడియోను జత చేయండి, అక్కడి నుంచి లింక్‌కి వస్తారు. అమ్మిన ప్రతి చీర పెట్టెలో ఒక క్యూఆర్ కోడ్ కార్డు కూడా వేయండి. ఆల్రెడీ డబ్బిచ్చి కొన్న మనిషి కంటే మీకు దగ్గరివాళ్లు ఎవరున్నారు?

ఇప్పుడు ఫారం. ఈ విషయం మీద కొంచెంసేపు నిలబడతాను. ఇది మన సరిహద్దు వాళ్లకే తెలిసిన సంగతి, హైదరాబాదులో కూర్చుని చెప్పేవాళ్లు చెప్పరు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్సు ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోంచి గంజాం చాలా భాగం, కోరాపుట్ ఇటు వచ్చాయి. అప్పటి నుంచి మన ఇళ్లలో ఏం జరిగిందో మీకు తెలుసు. మా తాతగారు తెలుగు చదివారు. నాన్నగారు తెలుగు, ఒడియా రెండూ చదివారు. నా తమ్ముడు ఒడియా, ఇంగ్లీషు చదివాడు. వాడి తెలుగు గలగలా పారుతుంది, తెలుగు బోర్డు మాత్రం చదవలేడు. రాయగడలోనూ, పర్లాకిమిడిలోనూ, గుణుపూర్‌లోనూ ఇలాంటి ఇళ్లెన్నో. చెవికి తెలుగు, కంటికి ఒడియా. అది ఎవరి తప్పూ కాదు.

వీడియోకి ఈ ఇబ్బంది లేదు. నేను తెలుగులో మాట్లాడితే అందరికీ అర్థమవుతుంది. ఈమెయిల్‌కి మాత్రం లిపి ఉంటుంది. నా వీడియో చూసి ఎంతో ఇష్టంగా చిరునామా ఇచ్చిన మనిషికి నేను తెలుగు లిపిలో ఉత్తరం రాస్తే, ఆయనకది తాళం వేసిన తలుపు. మొదటి రెండు నెలలూ నేను చేసింది అదే. ఉత్తరాలు వెళ్తున్నాయి, జవాబు లేదు. నా రాతలో లోపమేమో అనుకుని రాత్రిళ్లు కూర్చుని తిరగరాసేదాన్ని. చాలా టెన్షన్ పడ్డాను. అప్పుడు సూరత్‌లో పనిచేస్తున్న మన గంజాం కుర్రాడొకడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపాడు. అతను రాసింది ఇది: "అక్కా, మీ వీడియోలు మా అమ్మకి ఫోన్‌లో వినిపిస్తాను. మీ ఉత్తరం మాత్రం మా ఇద్దరికీ చదవడం రాదు." ఆ ఉత్తరం ఇప్పటికీ దాచుకున్నాను.

ఆ రోజే ఫారంలో ఒక ప్రశ్న చేర్చాను. "మీకు ఏ లిపిలో చదవడం తేలిక? తెలుగు, ఒడియా, ఇంగ్లీషు." ఒక్కటి నొక్కితే చాలు. ఆ ప్రశ్నను కూడా మూడు లిపుల్లో రాశాను, లేకపోతే తిరిగి అదే కథ అవుతుంది కదా. జవాబును బట్టి మూడు జాబితాలు అవుతాయి. మాటలు తెలుగే అయినా, లిపి వాళ్లకు నచ్చినది. ఒడియా లిపిలో తెలుగు మాటలు రాయడం మొదట్లో వింతగా అనిపించింది. మా తమ్ముడే రాసిపెట్టాడు. వాడు దాన్ని పైకి చదువుతుంటే మా అమ్మ పక్క గదిలోంచి "ఎవరొచ్చార్రా?" అని అడిగింది. ఇంట్లో మనిషి మాట్లాడినట్టు ఉంది. మీరు ఇంకేమీ చేయకపోయినా పర్వాలేదు, మీ ఫారంలో ఈ ఒక్క ప్రశ్న పెట్టండి. ఇది నా వేడుకోలు.

ఫారంలో ఇంకేం అడగాలి? పేరు, ఈమెయిల్. అంతే. ఫోన్ నంబరు, పుట్టినరోజు, ఊరు, పిన్‌కోడు అడిగితే ఒక్కో గడి దగ్గర ఒక్కొక్కరు లేచిపోతారు. చిరునామా ఇచ్చిన వెంటనే వాళ్లకు ఒక ధ్రువీకరణ మెయిల్ వెళ్లాలి. "నేనే ఇచ్చాను" అని వాళ్లు అందులో నొక్కాకే జాబితాలో చేర్చండి. దీనివల్ల కొందరు తగ్గుతారు. తగ్గినా మంచిదే. యాత్ర రోజుల్లో కాగితం మీద రాయించుకున్న చిరునామాలు మా దగ్గర చాలా ఉన్నాయి. అంకె ఒకటా, ఇంగ్లీషు ఎల్లా తెలియదు. చుక్క ఉందో, సిరా మరకో తెలియదు. అలాంటివి పంపితే తిరిగొస్తాయి. తిరిగొచ్చే మెయిల్స్ ఎక్కువైతే మిగతావి కూడా స్పామ్‌లో పడతాయి.

అనుమతి మాట కూడా ఇక్కడే. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. సమాచారం తీసుకునేది దేనికో స్పష్టంగా చెప్పి, మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే తీసుకోవాలని, ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత తేలిగ్గా ఉండాలని ఆ చట్టం చెబుతుంది. చట్టం లేకపోయినా మన మర్యాద అదే కదా. భోజనానికి పిలిచి తలుపు గడియ పెట్టం.

పంపించడం గురించి తొందరగా చెప్పేస్తాను. మామూలు జీమెయిల్ ఖాతాతో రోజుకి 500 మందికి మించి పంపనివ్వరు. నేను మొదటిసారి అందరి చిరునామాలూ "టు" గడిలో పెట్టి పంపాను. అందరి చిరునామాలూ అందరికీ కనబడ్డాయి. ఒక మేడమ్‌గారు ఫోన్ చేసి బాధపడ్డారు. ఆమెకు క్షమాపణ చెప్పి, ఆ రోజే మెయిలింగ్ సర్వీసుకి మారాను. సొంత డొమైన్, అంటే ఈమెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే మన సొంత పేరు, కొనుక్కుంటే ఇంకా మంచిది. అప్పుడు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు పెట్టుకోవాలి. పేర్లు విని భయపడకండి. ఫలానా సర్వర్లకే నా పేరుతో పంపే హక్కుందని ఎస్‌పీఎఫ్ చెబుతుంది. దారిలో ఉత్తరాన్ని ఎవరూ మార్చలేదని చూపించే ముద్ర డీకిమ్. ఈ రెండూ సరిపోలకపోతే ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పేది డీమార్క్. చీరకి అసలు పట్టేనని చూపించే సిల్క్ మార్క్ లేబుల్ ఎందుకు కుడతామో ఇవీ అందుకే. 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద ఎత్తున పంపేవాళ్లకు (గూగుల్ లెక్కలో రోజుకి 5,000 పైన) గూగుల్, యాహూ ఈ మూడింటినీ తప్పనిసరి చేశాయి. ఒక్క నొక్కుతో వైదొలిగే వీలు కూడా ఉండాలన్నాయి. స్పామ్ అన్న ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. అంటే వెయ్యిమందిలో ముగ్గురు. మనం అంతమందికి పంపకపోయినా ఆ లెక్కనే మనసులో పెట్టుకుందాం.

వీడియోను మెయిల్‌కి అతికించకండి. 25 ఎంబీ దాటితే జీమెయిల్‌లో జతకాదు, జతచేసినా ఎవరూ దింపుకోరు. వీడియోలోని ఒక ఫొటో పెట్టి దానికి లింక్ ఇవ్వండి. పైన నాలుగు వాక్యాలు రాయండి, అందులో వీడియోలో చెప్పనిది ఒకటి ఉండాలి. మొదటి మెయిల్ మాత్రం చిరునామా ఇచ్చిన నిమిషంలోనే వెళ్లాలి, మర్నాటికి మనల్ని మర్చిపోతారు.

ఎంతమంది తెరిచారన్న లెక్క చూసి కుంగిపోకండి, పొంగిపోకండి. 2021లో ఆపిల్ వాళ్లు తెచ్చిన ప్రైవసీ ఏర్పాటు వల్ల, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు లెక్కలో పడుతుంది. నేను చూసేది జవాబులు. ఏడో వీడియో పంపిన రెండు రోజులకు ఒకే ఒక్క ప్రశ్నతో మెయిల్ పంపుతాను: "మీ ఇంట్లో అన్నిటికంటే పాత పట్టుచీర ఎవరిది?" దానికి వచ్చే జవాబులు చదువుతుంటే పొద్దు తెలియదు. అమ్మమ్మ చీర ఫొటోలు పంపుతారు. వాళ్లలోంచే ఆర్డర్లు వస్తాయి. ఆ మెయిల్‌లో నేను ఏమీ అమ్మను.

అడగండి, ప్రశ్నలున్నట్టున్నాయి.

(సభలోంచి ఒకరు: "వాట్సాప్ గ్రూపు ఉండగా ఇదంతా ఎందుకమ్మా?")

మంచి ప్రశ్న, బాబాయ్. ఊళ్లో వాళ్లకు వాట్సాపే బాగుంటుంది, నేనూ మానలేదు. కానీ గ్రూపులో 1,024 మందికి మించి పట్టరు. ఒకరి నంబరు ఇంకొకరికి కనబడుతుంది, ఆడపిల్లలు అందుకే చేరరు. పైగా పట్టుచీర ఏడాదికి ఒకటో రెండో కొంటారు. రోజూ గ్రూపులో ఫొటోలు పడుతుంటే మ్యూట్ చేస్తారు. విశాఖలో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న మన పిల్లలకు పెళ్లికి మూడు నెలల ముందు వెతుక్కోవడానికి ఒక ఉత్తరం ఇన్‌బాక్స్‌లో ఉంటుంది. మన పేరు కొడితే దొరుకుతుంది.

(మరొకరు: "మా దగ్గర పాత ఖాతాదారుల ఈమెయిల్స్ బిల్లుల మీద ఉన్నాయి. ఎక్కించేయమంటారా?")

వద్దు, అన్నా. బిల్లు కోసం ఇచ్చారు, ఉత్తరాల కోసం ఇవ్వలేదు. ఫోన్ చేసి అడగండి. ఇలా వీడియోలు పంపుతున్నాం, లింక్ పెట్టమంటారా అని. సరే అన్నవాళ్లకే పంపండి, వాళ్లే చేరతారు.

(వెనక వరసలోంచి ఒక అక్క: "మేం అప్పడాలు చేస్తాం. మా దాంట్లో ఏడు వీడియోలకు ఏముందమ్మా?")

అక్కా, మీ దగ్గర ఏడు కాదు, పదిహేనున్నాయి. నిన్న మీ ఇంటికి వచ్చినప్పుడు మీరు మినప్పిండి ముద్దని రోకలితో దంచుతూ, నూనె చెయ్యి రాసి తిప్పుతూ, "ఇప్పుడు సాగుతోంది చూడు" అన్నారు. ఎప్పుడు సాగుతుందో మీకెలా తెలిసింది? అది మొదటి వీడియో. కొన్న అప్పడం నూనెలో వేస్తే ఎందుకు ఎర్రబడుతుంది, ఎందుకు పొంగదు? అది రెండోది. ఎండ చాలని రోజు ఏం చేస్తారు? అది మూడోది. ఎండలో ఎంతసేపు ఉంచాలో, ఎప్పుడు తిరగేయాలో, డబ్బాలో ఎలా పెడితే మెత్తబడవో ఒక కాగితం మీద రాసిస్తే, చిరునామా ఇచ్చినవాళ్లకు అదే మీ బహుమతి. లిపి గురించి మీ అబ్బాయిని కూర్చోబెట్టండి, ఒడియా వాడు రాస్తాడు, తెలుగు నేను రాస్తాను.

ఎండ బాగుంటే రేపు పొద్దున ఎనిమిదింటికి మీ మేడ మీదకు నేనే వస్తాను. ఫోన్ స్టాండ్ నా దగ్గరుంది. మీరు పిండి కలిపి ఉంచండి, దంచడం మాత్రం నేను వచ్చాకే మొదలుపెట్టండి.